బూట్‌లోడర్ బిల్డ్ ఆప్షన్లు: ఏ దశకు ఏది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అధిక భాగం యు-బూట్ బూట్‌లోడర్‌ను (బోర్డు లేచేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్) సొంత బోర్డుకు తగినట్టు బిల్డ్ చేసుకోవడంలో ఎదురైన చిక్కుల గురించే ఉన్నాయి కనుక, శీర్షిక మొత్తాన్నీ ఆ విషయానికే కేటాయిస్తున్నాం. ప్రతి ఆప్షన్ పేరుకు ముందు ఉండే ‘కాన్ఫిగ్_’ అనే భాగాన్ని ఇక్కడ వదిలేశాం. పాఠకులు దాన్ని కలుపుకొని చదువుకోవాలి.

ప్రశ్న: మా బోర్డులో కెర్నెల్‌ను ఫ్లాష్ మెమరీ కోసం వాడే యూబీఐఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ నుంచి చదవాలి. అందుకోసం, ఎంచుకున్న ఆప్షన్లు ఉండే .కాన్ఫిగ్ ఫైలును ఎడిటర్‌లో తెరిచి ‘సీఎండీ_యూబీఐఎఫ్ఎస్=వై’ అనే వరుసను చేర్చి మేక్ ఇచ్చాను. బిల్డ్ ఏ దోషమూ చూపకుండా పూర్తయింది. కానీ ప్రాంప్ట్ వద్ద ఆ కమాండ్ లేదు. ఫైలును మళ్లీ తెరిచి చూస్తే నేను రాసిన వరుస కూడా కనిపించలేదు. కారణం ఏమిటి?

సమాధానం: మీరు రాసిన వరుసను తొలగించింది కేకాన్ఫిగ్ వ్యవస్థే. లైనక్స్ కెర్నెల్ నుంచి యు-బూట్ తెచ్చుకున్న ఈ వ్యవస్థలో ప్రతి ఆప్షన్‌కూ అది ఏయే ఇతర ఆప్షన్ల మీద ఆధారపడుతుందో రాసి ఉంటుంది. యూబీఐఎఫ్ఎస్ కమాండ్లు సీఎండీ_యూబీఐ మీద ఆధారపడతాయి. అది ఫ్లాష్ మెమరీని నడిపే ఎంటీడీ పొర మీద ఆధారపడుతుంది. మేక్ మొదలవగానే కేకాన్ఫిగ్ .కాన్ఫిగ్‌ను చదివి, ఆధారాలు నెరవేరని వరుసలను పక్కనపెట్టి, మిగిలినవాటితో ఆ ఫైలును తిరిగి రాస్తుంది. ఈ పని జరుగుతున్నప్పుడు హెచ్చరిక ఏదీ రాకపోవడం ఈ వ్యవస్థలో నిజంగానే ఉన్న లోపం. మాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి మూలం ఇదేననిపిస్తుంది.

అందువల్ల .కాన్ఫిగ్‌ను చేత్తో దిద్దే అలవాటును మానుకోవడం మంచిది. ముందు మీ బోర్డు పేరుతో ఉన్న డెఫ్‌కాన్ఫిగ్‌ను (ఆ బోర్డు ప్రారంభ సెట్టింగుల ఫైలు) మేక్‌కు ఇచ్చి, ఆ తర్వాత ‘మేక్ మెనూకాన్ఫిగ్’ తెరవండి. అందులో ఏటవాలు గీత మీటను నొక్కి ఆప్షన్ పేరును వెతికితే అది ఏ మెనూలో ఉంది, దేని మీద ఆధారపడుతుంది, ప్రస్తుతం ఆ ఆధారాల్లో ఏది ఆన్‌లో ఉంది, ఏది లేదు అన్నవన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయి. మెనూలో ఒక ఆప్షన్ అసలు కనబడకపోతే దాని ఆధారాల్లో ఏదో ఒకటి నెరవేరలేదని అర్థం చేసుకోవాలి. ఆ ఆప్షన్ మీ వెర్షన్‌లో లేదని వెంటనే తీర్మానించకూడదు.

మరొక విషయం. ‘# ... ఈజ్ నాట్ సెట్’ అని ఉండే వరుసలు చూడటానికి వ్యాఖ్యల్లా ఉన్నా, కేకాన్ఫిగ్ వాటిని విలువలుగానే చదువుతుంది. అనవసరమైన వ్యాఖ్యలని భావించి వాటిని చెరిపేస్తే ఆ ఆప్షన్లు తమ డిఫాల్ట్ విలువలకు తిరిగి వెళ్లి, మీరు ఆపివేసినవే మళ్లీ ఆన్ కావచ్చు. పని పూర్తయ్యాక ‘మేక్ సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్’ ఇస్తే, డిఫాల్ట్‌కు భిన్నంగా ఉన్నవి మాత్రమే ఉండే చిన్న ఫైలు తయారవుతుంది. దాన్ని కాన్ఫిగ్స్ డైరెక్టరీలో మీ బోర్డు పేరు మీద భద్రపరచండి. అలా చేయకుండా మళ్లీ డెఫ్‌కాన్ఫిగ్ ఇస్తే .కాన్ఫిగ్‌లో చేసిన మార్పులన్నీ పోతాయి.

ప్రశ్న: ఎస్‌పీఎల్ (అసలు యు-బూట్‌కు ముందు నడిచే చిన్న లోడర్) దశలో ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ను, దానితోపాటు కొన్ని డీబగ్ సందేశాలను చేర్చాక లింకర్ (కంపైల్ అయిన ముక్కలను ఒకే ఇమేజ్‌గా కలిపే పనిముట్టు) ‘ఎస్‌ర్యామ్ ప్రాంతం పొంగిపోయింది’ అంటూ కొన్ని వేల బైట్లు ఎక్కువయ్యాయని చెబుతోంది. ఎస్‌పీఎల్_మ్యాక్స్_సైజ్ విలువను పెంచితే బిల్డ్ పూర్తవుతోంది గానీ బోర్డు మాత్రం లేవడం లేదు. ఏం చేయాలి?

సమాధానం: ఆ విలువను వెంటనే పాత స్థితికి తెచ్చేయండి. అది చిప్‌లో ఉన్న మెమరీ పరిమాణాన్ని లింకర్‌కు తెలియజేసే సంఖ్య. దాన్ని పెంచినంత మాత్రాన మెమరీ పెరగదు. లింకర్ చూపిన దోషం మీకు మేలే చేసింది. దాని నోరు మూయించడం వల్ల, టేబుల్ మీద తెలియాల్సిన తప్పు బోర్డు మీద మౌనంగా తేలింది.

చిప్‌లోని బూట్ రోమ్ (తయారీలోనే చిప్‌లో పెట్టిన తొలి కోడ్) మొదట పనిచేసే సమయానికి బయటి ప్రధాన మెమరీ అయిన డీర్యామ్ ఇంకా సిద్ధంగా ఉండదు. దాన్ని సిద్ధం చేసేదే ఎస్‌పీఎల్. కనుక ఎస్‌పీఎల్ మొత్తం చిప్ లోపలి చిన్న ఎస్‌ర్యామ్‌లోనే ఇమడాలి. ఉదాహరణకు బీగిల్‌బోన్ బ్లాక్‌లో ఉన్న ఏఎం335ఎక్స్ ప్రాసెసర్ బూట్ రోమ్ లోడ్ చేసుకోగల ఇమేజ్ గరిష్ఠ పరిమాణం 109 కేబీ మాత్రమే. ఎంఎల్‌ఓ అనే పేరుతో కనిపించే ఫైలు ఈ ఎస్‌పీఎలే. దాని తర్వాత డీర్యామ్‌లోకి వచ్చే అసలు యు-బూట్‌కు ఇంత ఇరుకు ఉండదు. ఈ తేడా వల్లే చాలా ఆప్షన్లకు జంటలు ఉన్నాయి: ఎఫ్ఎస్_ఈఎక్స్‌టీ4 అసలు యు-బూట్‌కు, ఎస్‌పీఎల్_ఎఫ్ఎస్_ఈఎక్స్‌టీ4 ఎస్‌పీఎల్‌కు. ఏ ఆప్షన్‌ను ఆన్ చేసేముందైనా ఇది ఏ దశలో పనిచేయాలి, ఆ దశ ఏ మెమరీలో నడుస్తుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు మీ దగ్గర ఉండాలి.

మీ విషయంలో మొదట అడగాల్సింది, ఎస్‌పీఎల్‌కు ఈఎక్స్‌టీ4 నిజంగా అవసరమా అని. ఎస్‌పీఎల్ చేయాల్సింది యు-బూట్ ఇమేజ్‌ను తెచ్చి డీర్యామ్‌లో పెట్టడం ఒక్కటే. ఆ ఇమేజ్‌ను ఎస్‌డీ కార్డులో లేదా బోర్డు మీదే ఉండే ఈఎంఎంసీ నిల్వలో ఒక నిర్ణీత సెక్టార్ వద్ద నేరుగా రాసి, అదే సెక్టార్ సంఖ్యను సిస్_ఎంఎంసీఎస్‌డీ_రా_మోడ్_యూ_బూట్_సెక్టార్‌లో ఇస్తే ఫైల్ సిస్టమ్ కోడ్ అంతా ఎస్‌పీఎల్ నుంచి తప్పుకుంటుంది. ఫైలు రూపంలోనే ఉండాలనుకుంటే ఫ్యాట్‌తో సరిపెట్టుకోండి. కెర్నెల్‌ను ఈఎక్స్‌టీ4 నుంచి చదివే పని అసలు యు-బూట్‌ది; అక్కడ ఆ ఆప్షన్‌ను నిరభ్యంతరంగా ఉంచుకోవచ్చు.

అది చాలకపోతే, ఊహించి ఆప్షన్లు తీసేసేకన్నా ఎవరు ఎంత చోటు తింటున్నారో కొలవాలి. బిల్డ్ డైరెక్టరీలోని ఎస్‌పీఎల్ ఫోల్డర్‌లో ఎల్ఫ్ ఫైలూ, మ్యాప్ ఫైలూ ఉంటాయి. మీ క్రాస్ టూల్‌చెయిన్‌లోని ఎన్ఎమ్ పనిముట్టుతో ఎల్ఫ్ ఫైలులోని సింబల్స్‌ను పరిమాణం ప్రకారం వరుస పెట్టిస్తే పెద్దవి వెంటనే బయటపడతాయి. ప్రస్తుతం దోషం లింకింగ్‌లోనే ఆగిపోతోంది కాబట్టి, మీరు చేర్చినవాటిని ఒక్కసారి తీసి బిల్డ్ పూర్తిచేసి కొలిచి, తర్వాత ఒక్కొక్కటిగా చేరుస్తూ తేడా చూడండి.

తగ్గించే మార్గాల్లో ప్రతిదానికీ ఒక మూల్యం ఉంది. ఎస్‌పీఎల్_యూజ్_టైనీ_ప్రింట్ఎఫ్ ఆన్ చేస్తే సందేశాలు ముద్రించే కోడ్ బాగా చిన్నదవుతుంది, కానీ అరుదైన ఫార్మాట్లు దానికి తెలియవు కనుక కొన్ని సందేశాలు వింతగా కనిపించవచ్చు. ఎస్‌పీఎల్_సిస్_మాలాక్_సింపుల్ ఆన్ చేస్తే మెమరీ కేటాయింపు కోడ్ నామమాత్రంగా మిగులుతుంది, అయితే ఒకసారి ఇచ్చిన మెమరీని అది తిరిగి తీసుకోదు. ఎస్‌పీఎల్ కొద్దిసేపే నడుస్తుంది కాబట్టి చాలా బోర్డులకు దీనితో ఇబ్బంది ఉండదు. ఎస్‌పీఎల్_లాగ్‌లెవెల్‌ను తగ్గిస్తే ఆ స్థాయికి మించిన సందేశాలు అసలు కంపైల్ కావు. 2021లో వచ్చిన ఎల్‌టీఓ (లింకింగ్ సమయంలో మొత్తం కోడ్‌ను కలిపి కుదించే) ఆప్షన్ ఏఆర్ఎం బోర్డుల్లో పరిమాణాన్ని చెప్పుకోదగినంత తగ్గిస్తుంది, కానీ బిల్డ్ నెమ్మదిస్తుంది, డీబగ్గర్‌తో అడుగడుగునా వెళ్లడం కష్టమవుతుంది. మా అభిప్రాయంలో ఎల్‌టీఓను చివరికి ఉంచుకోవాలి. మొదటే దాన్ని ఆన్ చేసి చోటు సంపాదించిన బృందాలు ఆ చోటును కూడా త్వరలోనే అనవసరమైనవాటితో నింపేస్తుంటాయి.

ఇమేజ్ ఇమిడినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. అదే ఎస్‌ర్యామ్‌లో స్టాక్, గ్లోబల్ డేటా, ప్రారంభ దశ మాలాక్ స్థలం కూడా ఉంటాయి. ఇమేజ్ అంచు వరకు పెరిగితే బిల్డ్ సవ్యంగా పూర్తయినా, నడిచేటప్పుడు స్టాక్ కిందికి దిగి కోడ్‌నో డేటానో తొక్కేస్తుంది. అలాంటప్పుడు బోర్డు ఒక రోజు లేస్తుంది, మరో రోజు లేవదు. దీన్ని బిల్డ్ సమయంలోనే పట్టుకోవడానికి ఎస్‌పీఎల్_సైజ్_లిమిట్‌తో పాటు గ్లోబల్ డేటాను, మాలాక్‌ను ఆ పరిమితి నుంచి మినహాయించే ఆప్షన్లూ, స్టాక్‌కు ఎంత వదలాలో చెప్పే ఎస్‌పీఎల్_సైజ్_లిమిట్_ప్రొవైడ్_స్టాక్ ఆప్షనూ ఉన్నాయి. వాటికి విలువలు ఇవ్వండి.

ప్రశ్న: ఎస్‌పీఎల్‌కు సంబంధించిన డ్రైవర్ ఆప్షన్ ఆన్‌లోనే ఉంది, కోడ్ కంపైల్ అయినట్టు మ్యాప్ ఫైలులో కనిపిస్తోంది, అయినా ఎస్‌పీఎల్ దశలో ఆ పరికరం దొరకడం లేదు. అసలు యు-బూట్‌లో అదే పరికరం చక్కగా పనిచేస్తోంది.

సమాధానం: ఈ లక్షణాలకు సాధారణ కారణం డివైస్ ట్రీలో (బోర్డులోని పరికరాలను వర్ణించే డేటా) ఉంటుంది. చోటు ఆదా కోసం ఎస్‌పీఎల్‌కు పూర్తి డివైస్ ట్రీ అందదు. బిల్డ్ సమయంలో ఎఫ్‌డీటీగ్రెప్ అనే పనిముట్టు దాన్ని కత్తిరించి, ప్రారంభ దశలో అవసరమని గుర్తు పెట్టిన నోడ్‌లను మాత్రమే ఉంచుతుంది. పాత వెర్షన్లలో ఆ గుర్తు ‘యు-బూట్,డీఎమ్-ఎస్‌పీఎల్’ వంటి లక్షణం. 2023 నుంచి వాటి స్థానంలో ‘బూట్‌పీహెచ్-’తో మొదలయ్యే లక్షణాలు వచ్చాయి, ఎస్‌పీఎల్ దశకు ‘బూట్‌పీహెచ్-ప్రీ-ర్యామ్’ వర్తిస్తుంది. మీ పరికరం నోడ్‌కే కాక అది ఆధారపడే క్లాక్, పిన్ అమరిక వంటి నోడ్‌లకు కూడా ఈ గుర్తు ఉండాలి. వీటిని అసలు డివైస్ ట్రీ ఫైలులో కాకుండా, అదే పేరు చివర ‘-యు-బూట్’ చేర్చిన డీటీఎస్ఐ ఫైలులో పెట్టడం ఆనవాయితీ. అది ఉంటే బిల్డ్ దానంతట అదే కలుపుకుంటుంది.

డివైస్ ట్రీ సరిగ్గానే ఉంటే మీ సొంత బోర్డు కోడ్‌ను చూడండి. ఈజ్_ఎనేబుల్డ్ మాక్రోకు పూర్తి పేరు ఇస్తే అది అసలు యు-బూట్ ఆప్షన్‌నే చూస్తుంది. కాన్ఫిగ్_ఈజ్_ఎనేబుల్డ్ మాక్రోకు చిన్న పేరు ఇస్తే, ఎస్‌పీఎల్ బిల్డ్‌లో అది ఎస్‌పీఎల్ జంటను చూస్తుంది. రెండూ దోషం లేకుండా కంపైల్ అవుతాయి కాబట్టి ఒకదానికి బదులు మరొకటి రాసిన సంగతి ఫలితంలోనే తెలుస్తుంది.

ప్రశ్న: బోర్డు లేవగానే దానంతట అదే నడిచే కమాండ్‌ను నిర్ణయించే బూట్‌కమాండ్ ఆప్షన్‌ను మార్చి, శుభ్రంగా మళ్లీ బిల్డ్ చేసి, ఈఎంఎంసీలో రాశాను. వెర్షన్ వరుసలో కొత్త తేదీ కనిపిస్తోంది కానీ బోర్డు పాత కమాండ్‌నే నడుపుతోంది. ఒక సహోద్యోగి బోర్డులో మాత్రం ‘బ్యాడ్ సీఆర్‌సీ’ అనే హెచ్చరిక వచ్చి కొత్త కమాండ్ నడుస్తోంది.

సమాధానం: మీ రెండు బోర్డులూ సరిగ్గానే ప్రవర్తిస్తున్నాయి. బూట్‌కమాండ్ ఆప్షన్ ఇచ్చేది డిఫాల్ట్ విలువను మాత్రమే. ఎన్విరాన్‌మెంట్‌ను (యు-బూట్ నడిచేటప్పుడు వాడే సెట్టింగుల జాబితా) ఎవరైనా ఒకసారి సేవ్‌ఎన్వ్ కమాండ్‌తో నిల్వ చేస్తే, ఆ తర్వాత ప్రతిసారీ నిల్వలోని విలువే నెగ్గుతుంది. మీ సహోద్యోగి బోర్డులో ఎన్విరాన్‌మెంట్ ఇంకా రాసి ఉండకపోవచ్చు; అక్కడ సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో తేల్చే తనిఖీ సంఖ్య) సరిపోలక యు-బూట్ డిఫాల్ట్‌లను తీసుకుంది. ఖాళీ నిల్వ ఉన్న కొత్త బోర్డులో ఆ హెచ్చరికకు కంగారుపడనక్కరలేదు. మీ బోర్డులో ‘ఎన్వ్ డిఫాల్ట్ -ఎ’ ఇచ్చి, ఆపైన సేవ్‌ఎన్వ్ ఇవ్వండి. అయితే ఆ బోర్డుకే ప్రత్యేకంగా పెట్టిన నెట్‌వర్క్ చిరునామా వంటివి ఏవైనా ఉంటే ముందుగా రాసిపెట్టుకోండి, ఎందుకంటే అవీ పోతాయి.

ఇదే సందర్భంలో ఎన్వ్_ఆఫ్‌సెట్ గురించి చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల జరిగే నష్టం చాలా పెద్దది. ఈఎంఎంసీలోనో ఎస్‌పీఐ ఫ్లాష్‌లోనో ఎన్విరాన్‌మెంట్ ఒక స్థిరమైన దూరంలో ఉంటుంది. బోర్డు తొలినాళ్లలో యు-బూట్ ఇమేజ్ చిన్నదిగా ఉండి ఆ దూరానికి ముందే ముగిసేది. ఏళ్ల తరబడి ఆప్షన్లు చేరి ఇమేజ్ పెరిగాక అది ఎన్విరాన్‌మెంట్ ఉన్న చోటి దాకా వస్తుంది. అప్పుడు ఎవరో సేవ్‌ఎన్వ్ ఇస్తారు. అది బూట్‌లోడర్ తోక మీదే రాస్తుంది. మర్నాడు బోర్డు లేవదు. ఇమేజ్ ఎక్కడ మొదలై ఎంతవరకు ఉందో, ఎన్విరాన్‌మెంట్ ఎక్కడ మొదలవుతుందో కూడి చూసుకునే చిన్న తనిఖీని మీ బిల్డ్ స్క్రిప్ట్‌లోనే పెట్టుకోండి. ఎస్‌పీఐ నార్ ఫ్లాష్ అయితే ఆఫ్‌సెట్, పరిమాణం రెండూ చెరిపే సెక్టార్ హద్దులకు సరిపోవాలి. లేకపోతే పక్కనున్న డేటా కూడా చెరిగిపోతుంది.

ఫీల్డ్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని పరికరాలకు రెండు ప్రతులు ఉంచే రిడండెంట్ ఎన్విరాన్‌మెంట్‌ను తప్పక ఆన్ చేయండి. రాత మధ్యలో ఆగినా పాత ప్రతి మిగులుతుంది. దీన్ని ఆన్ చేసినప్పుడు నిల్వ తలభాగం మారుతుందని గుర్తుంచుకోవాలి: ఒక్క ప్రతి ఉన్నప్పుడు 4 బైట్ల సీఆర్‌సీ మాత్రమే ఉంటుంది, రెండు ప్రతులున్నప్పుడు దాని తర్వాత 1 బైట్ గుర్తు చేరుతుంది. అందుచేత మార్పుకు ముందు రాసిన ఎన్విరాన్‌మెంట్ మార్పు తర్వాత చదవడానికి వీలుకాదు. లైనక్స్ వైపున ఎఫ్‌డబ్ల్యూ_సెట్ఎన్వ్ (ఎన్విరాన్‌మెంట్‌ను మార్చే పనిముట్టు) వాడేవారు దాని కాన్ఫిగ్ ఫైలులోని దూరాలనూ ప్రతుల సంఖ్యనూ ఇదే సమయంలో మార్చాలి.

ప్రశ్న: ఉత్పత్తిలోకి వెళ్లే పరికరంలో ఎవరూ బూట్‌ను ఆపి ప్రాంప్ట్‌లోకి రాకూడదు. బూట్‌కు ముందు ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే బూట్‌డిలే విలువ 0 ఇస్తే సరిపోతుందా?

సమాధానం: సరిపోదు. బూట్‌డిలే 0 అయితే ఆగి ఎదురుచూడటం ఉండదు గానీ, ఆ క్షణానికే సీరియల్ పోర్టులో అక్షరం వచ్చి ఉంటే బూట్ ఆగుతుంది. -1 ఇస్తే ఆటోబూట్ పూర్తిగా ఆగిపోయి ప్రాంప్ట్ వస్తుంది. మీకు కావలసినదానికి ఇది పూర్తి వ్యతిరేకం. మీట నొక్కారా లేదా అని అసలు చూడకుండా బూట్ కావాలంటే -2 ఇవ్వాలి. కానీ దానితోనూ రెండు కంతలు మిగులుతాయి. మొదటిది, నిల్వలోని ఎన్విరాన్‌మెంట్‌లో బూట్‌డిలే ఉంటే బిల్డ్ విలువను అది తోసిపుచ్చుతుంది. రెండవది, బూట్ కమాండ్ విఫలమైతే యు-బూట్ ప్రాంప్ట్‌కే వస్తుంది. నిల్వ చిప్‌ను కాసేపు చదవనీయకుండా చేయగలిగినవారికి ఇది తెరిచిన తలుపే. కనీసం బూట్ కమాండ్ చివర రీసెట్‌ను చేర్చండి. సర్వీసు సిబ్బందికి ప్రవేశం కావాలనుకుంటే ఆటోబూట్_కీడ్ కింద, సంకేతపదం బదులు దాని షా256 విలువను (సంకేతపదాన్ని తిరిగి రాబట్టలేని ముద్ర) మాత్రమే ఇమేజ్‌లో ఉంచే ఏర్పాటు ఉంది.

అసలు లక్ష్యం మీరు సంతకం చేసిన కెర్నెల్ మాత్రమే నడవాలన్నది అయితే, ఎఫ్ఐటీ (కెర్నెల్, డివైస్ ట్రీ వంటివాటిని ఒకే ఫైలుగా కట్టే ఇమేజ్ రూపం) మీది సంతకాన్ని పరీక్షించే ఎఫ్ఐటీ_సిగ్నేచర్ కావాలి. దాన్ని ఆన్ చేయడంతో పని ముగియదు. యు-బూట్ డివైస్ ట్రీలో చేర్చే పబ్లిక్ కీ నోడ్‌కు ‘రిక్వైర్డ్’ అనే లక్షణం లేకపోతే సంతకం లేని ఇమేజ్‌ను కూడా అది అంగీకరిస్తుంది. అలాగే ఈ తనిఖీ బూట్ఎమ్ కమాండ్ ద్వారా ఎఫ్ఐటీ ఇమేజ్‌కు జరిగేది. బూట్ఐ, బూట్‌జెడ్ వంటి కమాండ్లను ఇమేజ్‌లో వదిలేస్తే సంతకంతో నిమిత్తం లేకుండా కెర్నెల్‌ను నడిపే దారి ఉన్నట్టే. వాటిని తీసేసి, రాయదగిన ఎన్విరాన్‌మెంట్‌ను కూడా ఆపండి. ఇంతా చేసినా బూట్ రోమ్ ఎస్‌పీఎల్‌ను పరీక్షించకపోతే గొలుసు మొదటి కడియమే తెగి ఉంటుంది. ఆ భాగం చిప్ తయారీదారు ఫ్యూజులకు సంబంధించింది, యు-బూట్ ఆప్షన్లతో తీరేది కాదు.

ప్రశ్న: మా దగ్గర 2012 నాటి యు-బూట్‌కు చేసిన బోర్డు పోర్ట్ ఉంది. సెట్టింగులన్నీ హెడర్ ఫైలులో ఉన్నాయి. కొత్త వెర్షన్‌కు ఎలా తీసుకురావాలి?

సమాధానం: పాత మార్పులను కొత్త కోడ్ మీద కలపడానికి ప్రయత్నించకండి. 2014లో కేకాన్ఫిగ్ రావడంతో మొదలై, హెడర్లలోని సెట్టింగులు క్రమంగా డెఫ్‌కాన్ఫిగ్‌లకు తరలిపోయాయి. హెడర్లలో ఇంకా మిగలవలసినవాటికి ‘సీఎఫ్‌జీ_’ అనే వేరే ముందుపేరు ఇచ్చారు. పాత హెడర్‌ను యథాతథంగా తెస్తే అందులోని చాలా వరుసలను ఎవరూ చదవరు. అదే ప్రాసెసర్‌తో ఇప్పటికీ నిర్వహణలో ఉన్న బోర్డు డెఫ్‌కాన్ఫిగ్‌తో మొదలుపెట్టి, పాత హెడర్‌ను చదవడానికి మాత్రమే పక్కన ఉంచుకోండి. అందులో నిజంగా విలువైనవి డీర్యామ్ సమయాలు, పిన్ అమరికలు, ఫ్లాష్‌లోని దూరాలు. యు-బూట్ విడుదలలు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల్లో వస్తాయి కనుక వాటిలో ఒకదాన్ని ఎంచుకొని దాని మీదే పని పూర్తిచేయండి.

ప్రశ్న: కొత్త బోర్డులో సీరియల్ పోర్టు మీద ఒక్క అక్షరం కూడా రావడం లేదు. ఎస్‌పీఎల్ మొదలైందో లేదో కూడా తెలియదు.

సమాధానం: సీరియల్ పోర్టును నడిపే హార్డ్‌వేర్‌ను యూఆర్ట్ అంటారు. డీబగ్_యూఆర్ట్‌ను, దానితోపాటు డీబగ్_యూఆర్ట్_అనౌన్స్‌ను ఆన్ చేయండి. ఇది డ్రైవర్ మోడల్, డివైస్ ట్రీ సిద్ధం కాకముందే రిజిస్టర్లలో నేరుగా రాస్తుంది. దానికి యూఆర్ట్ రకం, బేస్ చిరునామా, క్లాక్ వేగం మూడూ మీరే ఇవ్వాలి. చెత్త అక్షరాలు వస్తే క్లాక్ విలువ తప్పు అయి ఉండే అవకాశం ఎక్కువ. ఏమీ రాకపోతే పిన్లను యూఆర్ట్‌కు మార్చే కోడ్ నడవలేదేమో చూడండి. అందుకు డీబగ్_యూఆర్ట్_బోర్డ్_ఇనిట్ ఆన్ చేసి, ఆ ఫంక్షన్‌ను బోర్డు కోడ్‌లో రాయాలి.

ప్రశ్న: ఒకే బోర్డుకు అభివృద్ధి బిల్డ్, ఉత్పత్తి బిల్డ్ అని రెండు డెఫ్‌కాన్ఫిగ్‌లు ఉంచుతున్నాం. కొన్నాళ్లకు అవి ఒకదానికొకటి పొసగడం లేదు.

సమాధానం: డెఫ్‌కాన్ఫిగ్‌ను ఒక్కటే ఉంచి, తేడాలను మాత్రమే చిన్న .కాన్ఫిగ్ ముక్కలుగా రాసి, డెఫ్‌కాన్ఫిగ్ తర్వాత వాటిని కలపండి. ఎంబెడెడ్ లైనక్స్ మొత్తాన్ని బిల్డ్ చేసే బిల్డ్‌రూట్‌లో ఈ ముక్కలకు ప్రత్యేక సెట్టింగ్ ఉంది. అలాంటిదే అయిన యోక్టోలో వాటిని రెసిపీ (బిల్డ్ సూచనల ఫైలు) మూలాల జాబితాలో .సీఎఫ్‌జీ ఫైళ్లుగా చేర్చవచ్చు. అయితే మొదటి ప్రశ్నలో చెప్పిన ప్రమాదం ఇక్కడా ఉంది: ముక్కలోని వరుసకు ఆధారం లేకపోతే అది తుది .కాన్ఫిగ్‌కు చేరదు. ముక్కలోని ప్రతి వరుసా తుది ఫైలులో ఉందో లేదో పోల్చి, లేకపోతే బిల్డ్‌ను ఆపేసే అడుగును చేర్చండి. అభివృద్ధి ముక్కలో సీఎండీ_కాన్ఫిగ్‌ను కూడా ఉంచుకుంటే, బోర్డు ప్రాంప్ట్ వద్ద ‘కాన్ఫిగ్’ అని కొట్టినప్పుడు ఆ ఇమేజ్ ఏ ఆప్షన్లతో తయారైందో అదే చూపిస్తుంది. ఉత్పత్తి ముక్కలో దాన్ని తీసేసి, తుది .కాన్ఫిగ్ ప్రతిని ఆ విడుదల బైనరీతో పాటు భద్రపరచండి.